బస్సులో బెల్లం పాకం వాసన: మా స్కూల్ బస్సు హీటర్ రీకాల్, నా అనుభవం

మిషిగన్‌లో స్కూల్ బస్సు నడుపుతాను. ఇది నా మూడో చలికాలం. మావారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నేను బస్సు డ్రైవర్ అని చెబితే మనవాళ్ల పార్టీల్లో ఒక్క క్షణం మాట ఆగిపోతుంది. ఆ తర్వాత "గ్రేట్ అండీ" అంటారు. అలవాటైపోయింది. జనవరిలో నా బస్సులో హీటర్ గొట్టం పగిలినప్పటి నుంచి మాత్రం అదే మనుషులు ఫోన్లు చేసి "అసలేమైంది, మా పిల్లాడి బస్సు కూడా అదేనా, రీకాల్ అంటే ఏం చేస్తారు" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ మొదటి నుంచి చెప్పలేక అంతా ఒకేసారి రాసేస్తున్నాను. రీకాల్ అంటే, తయారీలో లోపం ఉందని కంపెనీయే ఒప్పుకుని బండిని ఉచితంగా బాగు చేసివ్వడం. బస్సు తయారీ కంపెనీ పేరు, మా స్కూల్ డిస్ట్రిక్ట్ (మా ప్రాంతంలో స్కూళ్లు నడిపే సంస్థ) పేరు అడగకండి, నా ఉద్యోగం ఇంకా అక్కడే.

మొదటిసారి వాసన వచ్చింది డిసెంబర్ 11న. పొద్దున ఆరున్నరకి యార్డ్‌లో బస్సు స్టార్ట్ చేసి, ప్రీ ట్రిప్, అంటే బయల్దేరే ముందు చేసే తనిఖీ, చూసుకుంటూ వెనక్కి నడుస్తుంటే ఎక్కడో బెల్లం పాకం పడుతున్నట్టు తియ్యటి వాసన. ఎవరో పిల్లలు మిఠాయి పారేసి ఉంటారనుకుని సీట్ల కింద వెతికాను. ఏమీ లేదు. ఇంకో విషయం కూడా గమనించాను. కిటికీ అద్దాల లోపలి వైపు మసక పట్టింది. చలికి పట్టే మసక అయితే తుడిస్తే పోతుంది. ఇది తుడిస్తే జిడ్డుగా సాగింది, నూనె చేత్తో అద్దం ముట్టుకున్నట్టు.

హుడ్ (బానెట్) ఎత్తి చూస్తే కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, ఉండే ట్యాంక్‌లో మట్టం గీత కంటే రెండు వేళ్లు కిందకి ఉంది. స్లిప్‌లో రాశాను: "తియ్యటి వాసన, అద్దాలకి జిడ్డు, కూలెంట్ తక్కువ." మాకు స్లిప్పుల పుస్తకం ఉంటుంది, కింద కార్బన్ కాపీ. పైది గ్యారేజీకి, కిందది పుస్తకంలో. సాయంత్రానికి గ్యారేజీ నుంచి జవాబు వచ్చింది: కూలెంట్ నింపాం, లీక్ ఎక్కడా కనపడలేదు.

డిసెంబర్ 17న మళ్లీ రాశాను. మళ్లీ నింపారు. ఇంజన్ దగ్గర ఒక క్లాంప్ బిగించామన్నారు. సెలవులయ్యాక జనవరి 8న మూడోసారి రాశాను. ఈసారి జవాబులో కొంచెం విసుగు కూడా కనపడింది: "మూడోసారి చూశాం. లీక్ లేదు." వాళ్లని ఎంత తప్పు పట్టాలో నాకిప్పటికీ తేల్చుకోవడం కష్టం. నలుగురు మెకానిక్‌లు, అరవై పైచిలుకు బస్సులు, చలికాలం. వాళ్లు ఇంజన్ కింద చూశారు, నేల మీద చుక్కలున్నాయేమో చూశారు. గొట్టం పగులుతున్న చోటు మాత్రం బస్సు లోపల, సీటు కింద, ఇనప రేకు మూత వెనక ఉంది. ఆ రేకు పెట్టిందే వేడి గొట్టం పిల్లల కాళ్లకి తగలకుండా. దాని స్క్రూలు విప్పాలని ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. శరత్కాలంలో స్టేట్ పోలీసులు వచ్చి చేసే వార్షిక తనిఖీలో కూడా ఈ బస్సు శుభ్రంగా పాసైంది. ఇక్కడ ఆ తనిఖీలో ఫెయిలైతే ఎర్ర ట్యాగ్ పడుతుంది, బస్సు కదలకూడదు. చిన్న లోపాలైతే పసుపు ట్యాగ్, బాగు చేసుకోవడానికి 60 రోజులు. మాకు ఏ ట్యాగూ పడలేదు.

జనవరి 13, సోమవారం. భోగి. ఇంట్లో పిల్లలకి రేగుపళ్లు దొరకక క్రాన్‌బెర్రీలతో భోగిపళ్లు పోస్తానని ముందు రోజే చెప్పి ఉంచాను. బయట 9 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మైనస్ 13 సెల్సియస్. రెండు హీటర్లూ ఫుల్లులో పెట్టి బయల్దేరాను. ఎలిమెంటరీ రన్, అంటే చిన్న క్లాసుల పిల్లల ట్రిప్పు. 7:52కి బస్సులో 31 మంది పిల్లలు, ఇంకా నాలుగు స్టాపులున్నాయి.

వెనక నుంచి "స్మోక్! స్మోక్!" అని కేకలు. అద్దంలో చూస్తే తొమ్మిదో వరస కుడివైపు సీటు కింద నుంచి తెల్లగా ఆవిరి ఎగదన్నుతోంది. ప్రెషర్ కుక్కర్ విజిల్ పైకెత్తినప్పటి చప్పుడు. పొగ అయితే కాలిన వాసన రావాలి. వచ్చింది అదే బెల్లం పాకం, నెల రోజుల వాసన ఒక్కసారిగా గుప్పుమంది. మంట కాదని అప్పుడే అర్థమైంది. అది తెలిసినంత మాత్రాన ధైర్యం రాలేదు. ఆ గొట్టంలో తిరిగేది ఇంజన్‌ని చల్లబరిచి వచ్చే కూలెంట్, సగం నీళ్లు, సగం ఎథిలీన్ గ్లైకాల్ అనే రసాయనం. బండి వేడెక్కాక అది దాదాపు 190 ఫారెన్‌హీట్ ఉంటుంది, మన లెక్కలో 88 డిగ్రీలు. టీ మరిగే వేడికి కాస్త తక్కువ.

బ్రేక్ వేశాను. ఇక్కడే నన్ను ఇప్పటికీ పీకే విషయం ఒకటుంది. బస్సు ఆగేసరికి నేల మీద కారిన నీళ్లన్నీ ముందుకి జారాయి. ఎనిమిదో వరసలో రెండో క్లాసు పిల్లాడు, మన తెలుగువాళ్ల అబ్బాయే. బస్సెక్కగానే ఎడమ బూటు విప్పేసి సాక్‌తో కూర్చునే అలవాటు వాడికి. రోజూ "బూటు వేసుకో నాన్నా" అంటాను, రోజూ నవ్వుతాడు. ఆ కాలి కిందకే వెళ్లాయి నీళ్లు. "ఆంటీ! మై సాక్ ఈజ్ హాట్!" అన్నాడు. అరవలేదు, ఏడవలేదు. ఆశ్చర్యపోయినట్టు చెప్పాడు.

పార్కింగ్ బ్రేక్, హజార్డ్ లైట్లు, హీటర్ ఫ్యాన్లు ఆపడం, ఇంజన్ ఆపడం. ఇవన్నీ చేతులే చేసేశాయి. రేడియోలో డిస్పాచ్‌కి, అంటే బస్సుల్ని పంపే మా ఆఫీసుకి, "లోపల కూలెంట్ లీక్, ఒక పిల్లాడికి దెబ్బ, ఇంకో బస్సు పంపండి, 911కి చెప్పండి" అన్నాను. తొమ్మిదో వరస వెనక ఏడుగురున్నారు. వాళ్లని ముందుకి రప్పించాలంటే ఆ వేడి నీళ్లు తొక్కాలి. పైగా ఆ కూలెంట్ పడిన నేల సబ్బు పోసినట్టు జారుతుంది. అందుకని వెనక ఎమర్జెన్సీ డోర్ తెరవమన్నాను. ఐదో క్లాసు పిల్లలిద్దరు ముందు దిగి, కింద నిలబడి మిగతావాళ్ల చేతులు పట్టుకుని దింపారు. సెప్టెంబర్‌లో డ్రిల్ చేసినప్పుడు ఈ ఇద్దరే నవ్వుతూ వెక్కిరిస్తూ నా ప్రాణం తీశారు. ఆ రోజు మాత్రం మాట మాట్లాడకుండా చేశారు. ఆ ఏడుగురూ పేవ్‌మెంట్ మీద నుంచి చుట్టూ తిరిగి ముందు డోర్‌లోంచి ఎక్కారు. అందర్నీ ముందు సీట్లలో ముగ్గుర్నేసి సర్దాను.

సాక్ తడిసిన పిల్లాడిని ఎత్తుకుని ముందు మెట్టు మీద కూర్చోబెట్టి సాక్ లాగేశాను. మడమ పైన, అరచేయంత మేర ఎర్రగా కందిపోయింది. ఒక పాప బయట నుంచి మంచు తెస్తానంది, వద్దన్నాను. కాలిన చోట మంచుగడ్డ పెట్టకూడదని ట్రైనింగ్‌లో చెప్పారు. నా బాటిల్‌లో నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ ఉన్నాను. బాటిల్ అయిపోతే పిల్లలు తమ బాటిళ్లు అందించారు. ఒకదాంట్లో ఆపిల్ జ్యూస్ ఉంది, అది వెనక్కి ఇచ్చేశాను.

ఫైర్ ఇంజన్ 9 నిమిషాల్లో వచ్చింది. రెండో బస్సు 26 నిమిషాలకి. ఇంజన్ ఆగిపోయిన బస్సు ఆ చలిలో 26 నిమిషాల్లో ఎంత చల్లబడుతుందో చెప్పక్కర్లేదు. పిల్లలు ఆ జిడ్డు అద్దాల మీద బొమ్మలు గీస్తుంటే "చేతులు నోట్లో పెట్టుకోవద్దు" అని అరుస్తూనే ఉన్నాను. అది తియ్యగా ఉంటుంది, కానీ విషం. పారామెడిక్ పిల్లాడి కాలు చూసి పైపై కాలిన గాయమే, బొబ్బ రాకపోవచ్చు అన్నాడు. అప్పటికి వాళ్లమ్మ వచ్చేసింది, పైజామా మీద కోటు వేసుకుని.

ఇక పదిన్నరకి నన్ను ల్యాబ్‌కి పంపించారు, డ్రగ్, ఆల్కహాల్ పరీక్షకి. పిల్లలకి దెబ్బ తగిలిన ఏ ఘటన జరిగినా డ్రైవర్‌ని పంపడం మా డిస్ట్రిక్ట్ పద్ధతి. అది ముందే తెలుసు. అయినా కూలెంట్‌తో తడిసిన ప్యాంటుతో, ప్లాస్టిక్ కప్పు చేత్తో పట్టుకుని వరసలో నిలబడితే తప్పు చేసినదానిలాగే అనిపించింది. కొత్తగా ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లు దీనికి సిద్ధంగా ఉండండి. మనసులో పెట్టుకోవద్దు.

సాయంత్రం వాళ్లమ్మకి ఫోన్ చేశాను. ఏమంటుందోనని గంటసేపు ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. "అక్కా, మీకేం కాలేదు కదా" అంది ముందు. అప్పుడు ఏడుపొచ్చింది నాకు. అర్జెంట్ కేర్‌కి తీసుకెళ్తే క్రీమ్ రాసి పంపారట. 75 డాలర్ల కోపే, అంటే ఇన్సూరెన్స్ ఉన్నా మన చేతి నుంచి కట్టే వాటా. ఆ డబ్బు డిస్ట్రిక్ట్ ఇన్సూరెన్స్ నుంచి రావడానికి రెండు ఫారాలు, ఆరు వారాలు పట్టింది.

ఆ రాత్రి అరిసెలకి పాకం పట్టాల్సింది. పట్టలేదు. ఈ ఏడాది మా ఇంట్లో సంక్రాంతికి జంతికలే.

మర్నాడు గ్యారేజీకి వెళ్లాను, ఎవరూ పిలవలేదు. ఫోర్‌మన్ ఆ గొట్టం ముక్క కోసి బల్ల మీద పెట్టాడు. నల్లటి రబ్బరు, బొటనవేలంత లావు. ఒకవైపు పొడుగ్గా గాడి పడి ఉంది, కత్తిపీట మీద రోజూ ఒకేచోట రాసినట్టు. సీటు కింద గొట్టాన్ని పట్టి ఉంచే క్లిప్ అంచు పదునుగా ఉంది, బస్సు అదిరినప్పుడల్లా దానికి రాసుకుంటూ వచ్చింది. గాడి చివర గోరు దూరేంత చీలిక. నెల రోజులు ఆ చీలికలోంచి సన్నగా ఆవిరి కారింది. రేకు మూత కింద, మ్యాట్ కింద చేరింది. అదే నాకు వచ్చిన వాసన, అద్దాల మీద జిడ్డు.

అప్పుడే ఆయన హుడ్ ఎత్తి ఇంకొకటి చూపించాడు. ఇంజన్ పక్కన హీటర్ గొట్టాలకి రెండు చిన్న వాల్వులు ఉన్నాయి. పిడి గొట్టం వెంబడి నిలువుగా ఉంటే తెరిచినట్టు, అడ్డంగా తిప్పితే మూసినట్టు. వెనక హీటర్‌కి వెళ్లే వేడి నీళ్లు అక్కడే ఆగిపోతాయి. మూడేళ్లుగా రోజూ ఆ హుడ్ ఎత్తుతున్నాను, అవి దేనికో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. స్కూల్ బస్సు డ్రైవర్లు ఎవరైనా ఇది చదువుతుంటే రేపే మీ మెకానిక్‌ని అడిగి అవి ఎక్కడున్నాయో చూసుకోండి.

"దీనికి రీకాల్ ఉందేమో" అన్నాడాయన, తనలో తను అనుకున్నట్టు. నేను ఇంటికొచ్చి ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ, అంటే ఫెడరల్ రోడ్డు భద్రత సంస్థ వెబ్‌సైట్‌లో బస్సు విన్, అంటే అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉండే బండి గుర్తింపు నంబరు, కొట్టాను. ఏమీ రాలేదు. రీకాల్ లేదనుకుని ఊరుకున్నాను. తర్వాత తెలిసింది, విన్‌తో వెతికే ఏర్పాటు తప్పనిసరి అయింది కార్ల లాంటి చిన్న వాహనాలు, మోటార్‌సైకిళ్లు తయారు చేసే పెద్ద కంపెనీలకే. బస్సుల రీకాల్ అందులో కనపడకపోవచ్చు. బస్సు తయారైన ఏడాది, కంపెనీ, మోడల్ పేరుతో వెతకాలి, లేదా డీలర్‌కి ఫోన్ చేసి విన్ చెప్పి అడగాలి. ఫోర్‌మన్ 15వ తేదీన డీలర్‌కి ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో తేలింది. రీకాల్ ఉంది. నవంబర్‌లోనే ఉత్తరాలు కూడా పంపారు.

మరి మా ఉత్తరం ఏదీ? రీకాల్ ఉత్తరం వెళ్లేది బండి ఎవరి పేరున రిజిస్టర్ అయిందో వాళ్ల చిరునామాకి. మా బస్సులన్నీ డిస్ట్రిక్ట్ పేరున, పాత ఆఫీసు చిరునామాతో ఉన్నాయి. గ్యారేజీ ఎక్కడో, ఆ ఆఫీసు ఎక్కడో. మా ట్రాన్స్‌పోర్టేషన్ మేనేజర్ స్వయంగా వెళ్లి వెతికితే అకౌంట్స్ వాళ్ల ట్రేలో దొరికింది, విప్పని కవరు. కవరు మీద ఎర్ర అక్షరాలతో సేఫ్టీ రీకాల్ నోటీసు అని ఉంది. ఒక్కో బస్సుకి ఒక్కోటి, మొత్తం 14 కవర్లు, రబ్బరు బ్యాండ్ వేసి. కార్లకి ఎక్స్‌టెండెడ్ వారంటీ అమ్మేవాళ్లు పంపే మోసపు ఉత్తరాలు కూడా ఇలాగే ఎర్ర అక్షరాలతో వస్తాయి కదా, వీటినీ అలాంటివే అనుకున్నారట.

మేనేజర్ ఆ ఉత్తరం నా చేతికిచ్చి చదవమన్నాడు. లోపం ఏమిటో రెండు లైన్లలో సూటిగా ఉంది: గొట్టం రాపిడికి గురై వేడి కూలెంట్ ప్రయాణికులు కూర్చునే చోట కారవచ్చు, గాయాలయ్యే ప్రమాదం పెరుగుతుంది. ఆ కాగితం నవంబర్ 18 తారీఖుతో ఉంది. నేను మొదటి స్లిప్ రాయడానికి 23 రోజుల ముందు. కోపంతో నా చెవులు వేడెక్కాయి. ఎవరి మీద చూపించాలో మాత్రం తెలియలేదు. ట్రే పక్కన కూర్చునే అమ్మాయి మీదా?

ఆ ఉత్తరంలో ఇంకో మెలిక ఉంది. విడిభాగాలు ఇంకా సిద్ధంగా లేవు, సిద్ధమయ్యాక రెండో ఉత్తరం పంపుతాం అని. రీకాల్ అంటే రేపే బండి పట్టుకెళ్తే బాగు చేసిస్తారనుకున్నాను నేను. అసలు క్రమం ఇలా ఉంటుందని మేనేజర్ చెప్పాడు: లోపం ఉందని తేల్చుకున్న 5 పనిదినాల్లో కంపెనీ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకి చెప్పాలి, ఆ తర్వాత 60 రోజుల్లో ఓనర్లకి ఉత్తరం వేయాలి. రిపేరు సిద్ధం కాకపోయినా ఆ ఉత్తరం మాత్రం రావాల్సిందే. రీకాల్ ఉంది కాబట్టి బస్సు ఆపేయాలని ఫెడరల్ చట్టమేమీ లేదు. తిప్పాలా వద్దా అన్నది నడిపేవాళ్ల ఇష్టం. 14 బస్సులు ఆపేస్తే 14 రూట్ల పిల్లలు స్కూలుకి ఎలా వెళ్లాలి అని ఆయన అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

జనవరి 16 రాత్రి నేను కూడా ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకి ఫిర్యాదు పెట్టాను. ఓనర్ని కాకపోయినా పెట్టొచ్చు, డ్రైవర్, తల్లిదండ్రులు ఎవరైనా. ఇరవై నిమిషాల పని. విన్, తేదీ, ఏం జరిగిందో రాయడం. పేరు, ఫోన్ వివరాలు బయటపెట్టరు, మనం రాసిన సంగతి మాత్రం ఒక నంబరుతో అందరికీ కనపడుతుంది. అందుకే అందులో పిల్లాడి పేరు, స్కూలు పేరు రాయలేదు. మూడు స్లిప్పుల తేదీలు రాశాను. దాని వల్ల ఏమైనా కదిలిందా అంటే చెప్పలేను. రాశాక మాత్రం ఆ రాత్రి నిద్రపట్టింది.

విడిభాగాలు వచ్చేదాకా ఏం చేయాలి? 14 బస్సుల్లోనూ రేకు మూతలు విప్పి చూశారు. ఇంకో రెండింటిలో గాడి పడి ఉంది. నా బస్సుతో కలిపి ఆ మూడింటికి గొట్టం మార్చారు. కొత్త గొట్టం వేసినా క్లిప్ అదే కాబట్టి మళ్లీ రాసుకోవచ్చని, అన్నింటిలోనూ వెనక హీటర్ వాల్వులు మూసేశారు. అంటే వెనక సగం బస్సుకి హీటర్ లేదు. ముందు హీటర్, అద్దం మీద మంచు కరిగించే డీఫ్రాస్టర్ మాత్రమే.

జనవరి 20 నుంచి ఫిబ్రవరి నెలంతా అలాగే తిప్పాం. కాలిపోయే ప్రమాదం పోయి గడ్డకట్టే ప్రమాదం వచ్చింది. పిల్లలు టోపీలు, గ్లౌజులు తీయకుండా కూర్చునేవారు. తల్లిదండ్రుల ఫోన్లు మొదలయ్యాయి: "హీటర్ ఎందుకు ఆపారు?" గొట్టం పగిలిందని జనవరి 13నే డిస్ట్రిక్ట్ ఈమెయిల్ పంపింది, కానీ "యాంత్రిక సమస్య" అని రాశారు. రీకాల్ మాట లేదు. అలా రాయకుండా ఉండాల్సింది. సగం ఫోన్లు ఆ రెండు పదాల వల్లే వచ్చాయి. వారం తర్వాత రీకాల్ అన్న మాటతోనే ఇంకో ఈమెయిల్ పంపాక ఫోన్లు తగ్గాయి.

మా ఫ్రిజ్‌లో ఉండే చిన్న థర్మామీటర్ తెచ్చి పన్నెండో వరస సీటు వెనక కట్టాను. 47 నిమిషాల రన్ చివర్లో 41 ఫారెన్‌హీట్ చూపించింది. 5 డిగ్రీలు. ఫ్రిజ్‌లో ఉన్నప్పుడు అది 38 చూపించేది. ఆ లెక్క ఒక కాగితం మీద రాసి రోజూ స్లిప్‌కి పిన్ను చేశాను. నాలుగో రోజు మేనేజర్ పిలిచి రెండు రూట్లు విడగొట్టాడు, బస్సుకి పిల్లలు తగ్గితే అందరూ ముందు వరసల్లో సరిపోతారని. మాటతో చెప్పి ఉంటే అయ్యేది కాదు.

రెండో ఉత్తరం ఫిబ్రవరి 26న వచ్చింది. ఈసారి అది సరైన టేబుల్ మీదకే చేరింది, మేనేజర్ చిరునామా మార్పించాడు. రిపేరు ఉచితం, బస్సుకి సుమారు మూడు గంటలు అని ఉంది. డీలర్‌కి ఫోన్ చేస్తే వారానికి రెండు బస్సులే తీసుకోగలమన్నారు. మా ఒక్క డిస్ట్రిక్టే కాదు కదా. డీలర్ ఉన్నది 64 మైళ్ల దూరంలో. నా బస్సుకి పడిన తేదీ ఏప్రిల్ 3. చలికాలమంతా వణికి, మంచు కరిగాక హీటర్ బాగు చేయించుకున్నామన్నమాట.

ఉచితం అనే మాట గురించి కొంచెం. గొట్టం, క్లిప్, కూలి ఉచితమే. బస్సుని 64 మైళ్లు తోలుకెళ్లే డ్రైవర్ జీతం, వెనకాల వ్యాన్‌లో వచ్చి నన్ను తిరిగి తీసుకొచ్చే ఇంకో డ్రైవర్ జీతం, రెండు వైపులా డీజిల్, మర్నాడు మళ్లీ అదంతా, ఆ రెండు రోజులు నా రూట్‌లో తిరిగే స్పేర్ బస్సు, వీటికి ఎవరూ ఇవ్వరు. నాకు మాత్రం ఆ రోజు నాలుగు గంటల ఎక్స్‌ట్రా వచ్చింది, కాదనను.

నేను డీలర్ దగ్గర కూర్చోకుండా, అడిగి మరీ షాపులోకి వెళ్లి చూశాను. కొత్త క్లిప్ అంచులు మడిచి ఉన్నాయి, లోపల రబ్బరు పొర. గొట్టం మీద రాపిడి తగలకుండా మందపాటి నేత తొడుగు ఎక్కించారు, దారి కూడా కాస్త పక్కకి మార్చారు. అంతే. చూస్తే అరచేతిలో పట్టే వస్తువులు. దీనికా ఇంత అనిపించింది.

ఇంకో ఆశ్చర్యం తర్వాత వచ్చింది. తెచ్చిన మర్నాడు పొద్దున వెనక హీటర్ పెడితే చల్లటి గాలి. లోపల గొట్టంలోంచి కడుపులో గుడగుడలాడినట్టు చప్పుడు. మళ్లీ పగిలిందేమోనని గుండె ఆగినంత పనైంది, మోకాళ్ల మీద కూర్చుని రేకు చుట్టూ తడిమాను. పొడిగానే ఉంది. కూలెంట్ మళ్లీ నింపినప్పుడు గొట్టంలో గాలి చిక్కుకుపోయిందట. మా ఫోర్‌మన్ ఇంజన్ ఆన్‌లో పెట్టి ఆ గాలి బయటికి తీసేసరికి ముప్పావు గంట పట్టింది. రీకాల్ పని అయ్యాక హీటర్ వేడిగా రాకపోతే ముందు ఇది అడగండి.

ఇక డబ్బుల సంగతి. రిపేరు సిద్ధమైందని చెప్పే రెండో ఉత్తరం అందకముందే సొంతంగా బాగు చేయించుకున్నవాళ్లు ఖర్చు వెనక్కి అడగొచ్చని ఉత్తరంలోనే ఉంది. మా మూడు గొట్టాలకి మేనేజర్ దరఖాస్తు పెట్టాడు. పని మా గ్యారేజీలోనే జరిగింది కాబట్టి బయటి బిల్లు లేదు, విడిభాగాల రసీదు, వర్క్ ఆర్డర్, వాటితో పాటు నా మూడు స్లిప్పుల కార్బన్ కాపీలు జత చేశాడు. తొమ్మిది వారాలకి 412 డాలర్ల చెక్కు వచ్చింది. నా కోటు డ్రై క్లీనింగ్ 28 డాలర్లు మాత్రం ఎవరినీ అడగలేదు. ఆ వాసన రెండు సార్లు ఉతికినా పోలేదు.

పిల్లాడి కాలు వారంలోనే మానిపోయింది. ఫిబ్రవరి అంతా వాళ్లమ్మ కారులో దింపింది. నేనేమీ అనలేదు, ఆవిడ స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని. మార్చి 3న స్టాప్‌లో నిలబడి ఉన్నాడు. ఎక్కి, నా వెనక మొదటి సీట్లో కూర్చున్నాడు. రెండు బూట్లూ వేసుకునే ఉన్నాడు, లేసులు గట్టిగా కట్టి. నేను ఆ రోజు బూట్ల మాటెత్తలేదు.

ఇప్పుడు మే చివర్లో ఉన్నాం. 14 బస్సుల్లో 13 అయ్యాయి. చివరిదానికి జూన్‌లో తేదీ ఇచ్చారు. ఎండాకాలమే కదా, హీటర్ ఎవరు వేస్తారు అనుకున్నాను. ఫోర్‌మన్ తల అడ్డంగా ఊపాడు. ఫ్యాన్ ఆపేసినా, వాల్వు తెరిచి ఉంటే ఇంజన్ వేడి నీళ్లు ఆ గొట్టంలో తిరుగుతూనే ఉంటాయట.

నిన్న నా బస్సు ఆయిల్ మార్చడానికి వెళ్తే స్పేర్‌గా ఆ పద్నాలుగోదే ఇచ్చారు. హుడ్ ఎత్తి వాల్వులు చూశాను. రెండు పిడులూ అడ్డంగా ఉన్నాయి. తొమ్మిదో వరస దగ్గర వంగి వాసన చూసి, రేకు కింద టిష్యూ పేపరుతో తుడిచి చూశాను. దుమ్ము అంటింది, తడి లేదు. స్లిప్‌లో అదే రాసి, కార్బన్ కాపీకి ఫోన్‌లో ఫొటో తీసుకుని బయల్దేరాను.